బొటనవేలి వెంట చూపుడు వేలు

కత్తెర పట్టుకోవడంలో ఒక మర్యాద ఉంది. బొటనవేలు ఒక కన్నంలో, ఉంగరపు వేలు ఇంకో కన్నంలో. కదలాల్సింది బొటనవేలు ఒక్కటే. దాని వెంట ఒక రెక్క తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మిగతా వేళ్ళన్నీ రెండో రెక్కను పట్టుకుని, ఫొటోకి కూర్చున్నవాళ్ళలా కదలకుండా ఉండాలి. చూపుడు వేలు మరీనూ. అది కత్తెర వెన్ను మీద చాచుకుని పడుకుంటే చాలు, అంతకు మించి దానికి పనిలేదు.

ఆమె చూపుడు వేలికి ఆ మర్యాద అబ్బలేదు. కుడి బొటనవేలు వంగిన ప్రతిసారీ అదీ వంగేది. కత్తెర వెన్ను మీంచి జారి, కుర్చీలో కూర్చున్నవాళ్ళ తలమీద ఎక్కడ పని జరుగుతుంటే అక్కడ, కణత దగ్గరో చెవి వెనకో, మెత్తగా తట్టేది. కత్తిరింపుకొక తట్టు. వాన మొదలవ్వాలా వద్దా అని ఆలోచిస్తూ ఆకుల మీద రాలే చినుకుల్లా ఉండేది ఆ తాకిడి.

అందుకే ఆమె దగ్గర పిల్లలు ఏడ్చేవాళ్ళు కాదు. కత్తెర చూడగానే గుక్కపెట్టిన వాళ్ళు కూడా కాసేపటికి తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళు. వాళ్ళే ఆమెకి టకటక పిన్ని అని పేరు పెట్టారు. ఆ పిల్లలు పెద్దయి తమ పిల్లల్ని తెచ్చేనాటికి వీధి మొత్తానికి ఆమె టకటక పిన్నే. నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగిలిన ఒక తాతగారు వారం వారం వచ్చేవాడు. "ఏం కత్తిరించమంటారు బాబాయిగారూ?" అంటే, "కత్తిరించడానికేముందమ్మా, ఊరికే కత్తెర ఆడించు. ఆ వేలి దెబ్బ తగిలితే గానీ నాకు నిద్ర పట్టదు," అనేవాడు.

అందరికీ ముద్దొచ్చిన ఆ తట్టు ఆమెకి మాత్రం తప్పు. తప్పని చెప్పింది మేనత్త.

దుకాణం మేనత్తది. వీధి వైపు పెద్ద కిటికీ ఉన్న సన్నటి గది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, ఎదురుగా బెంచీ, వెనక తల కడిగే తొట్టి. తడి జుట్టు వాసన, సబ్బు వాసన కలిసి గోడలకు పట్టి, సున్నం వేసినా పోయేవి కావు. పైన ఇల్లు. మేనత్త పని మానేసి చాలా ఏళ్ళయినా పొద్దున్నే మెట్లు దిగివచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. చూపు మందగించింది. చెవులు మాత్రం గడుసువి. ఆవిడ చూడక్కర్లేదు, వింటే చాలు. కత్తెర చప్పుడు వెనకాలే మెత్తగా ఇంకో చప్పుడు వినపడగానే ఉన్నచోటి నుంచే అనేది:

"ఆ వేలు!"

అంతే. ఒక్క మాట. పాత తలుపు కిర్రుమన్నట్టు, ఇంట్లోవాళ్ళు వినీ వినకుండా వదిలేసేంత పాత మాట. పిన్ని వదిలేసేది కాదు. ప్రతిసారీ వేలు బిగించేది. ప్రతిసారీ అది జారేది.

పిన్నికి తల్లి లేదు. తండ్రి ఓడల మీద తిరిగే మనిషి. పిల్లని అక్కగారి దగ్గర దింపి, "కాస్త పని నేర్పించక్కా," అని చెప్పి వెళ్ళాడు. మేనత్తకి పిల్లల్లేరు. ప్రేమ ఎలా చూపించాలో ఆవిడకి తెలియదు గానీ, పని ఎలా నేర్పాలో తెలుసు. మొదట చీపురు మీద కత్తిరించడం నేర్పింది. ఆ ఇంట్లో చీపుళ్ళన్నీ చక్కగా మెడ మీద సమంగా కత్తిరించుకున్న ఆడపిల్లల్లా ఉండేవి. తరవాత తన జుట్టే ఇచ్చింది. అప్పుడు తెలిసింది, మేనకోడలి చూపుడు వేలు మాట వినదని.

"నిర్లక్ష్యమే ఇది. చెయ్యి ఇక్కడ, మనసు ఎక్కడో."

ఒక తెల్ల గుడ్డపేలిక తెచ్చి, ఆ వేలిని కత్తెరకే కట్టేసింది. రోజంతా అలాగే పని. బొటనవేలు వంగబోతే, లోపలెక్కడో, మణికట్టు దాటి ముంజేతిలో ఏదో తెగేలా గుంజుకునేది. సాయంత్రం పేలిక విప్పితే వేలి చుట్టూ తెల్లటి వలయం. నొప్పి అని పిల్ల అనలేదు. నొప్పా అని అత్త అడగలేదు. చాలా నెలలు కట్టి చూసి, చివరికి పేలిక పారేస్తూ మేనత్త, "నీ వేలికి వినే యోగం లేదులే," అంది.

అప్పట్నుంచి ఆమె ఒంటరిగా ఉన్నప్పుడల్లా ఆ వేలితో మాట్లాడుకునేది. స్నానాల గదిలో తలుపు వేసుకుని, చెయ్యి చాచి, బొటనవేలు ఒక్కటే వంచబోయేది. చూపుడు వేలు వెంటనే తలవంచేది, తనని కూడా పిలిచారనుకున్నట్టు. "నిన్ను కాదే," అనేది ఆమె. పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, ఆ కొడుక్కి పెళ్ళయింది. అది విననేలేదు.

కోడలు వచ్చాక దుకాణంలో రెండో కుర్చీకి పని దొరికింది. చలాకీ పిల్ల. అత్తగారి పక్కన నిలబడి చూసి చూసి పని పట్టేసింది. కొన్నాళ్ళకి ఆ కుర్చీ దగ్గర నుంచి కూడా మెత్తటి తట్టు వినిపించసాగింది.

"చూశావా?" అంది మేనత్త కిటికీ దగ్గర్నుంచి. "నీ జబ్బు దానికీ అంటించావు. ఇక ఈ దుకాణంలో కత్తెర పట్టడం వచ్చినవాళ్ళు లేరు."

పిన్ని తల దించుకుంది. తన తప్పు తనతో పోతుందనుకుంటే, పరాయి ఇంటినుంచి వచ్చిన పిల్ల చేతిలోకి కూడా చేరింది.

నొప్పి ఎప్పుడు మొదలయిందో చెప్పలేం. మణికట్టుకి కాస్త పైన, ముంజేయి లోపలి వైపు, సన్నగా, లాంతరు వత్తిలా వెలుగుతూ ఉండేది. మొదట సాయంత్రాలు, తరవాత మధ్యాహ్నాలు, ఆ తరవాత కత్తెర ముట్టుకోగానే. వేడినీళ్ళ కాపడం, పట్టీ, పూత మందు, అన్నీ అయ్యాయి. ఎవరితోనూ అనలేదు. చెయ్యి నొప్పి అంటే మళ్ళీ ఆ వేలి మాట వస్తుందని.

ఒకరోజు పొద్దున్న, నాలుగేళ్ళ పిల్లవాడు కుర్చీలో జోగుతున్నాడు. పిన్ని చెవి చుట్టూ కత్తిరిస్తోంది. ముంజేతిలో నొప్పి చివుక్కుమంది. చూపుడు వేలు ఒక్కసారిగా గుంజుకుంది, కత్తెర మొన తిరిగింది. పిల్లవాడు కెవ్వుమన్నాడు. చెవి తమ్మె మీద ఎర్రటి చుక్క.

చిన్న గాటే. దూది అద్దితే ఆగింది. వాడి తల్లి మంచిది. "పరవాలేదు పిన్నీ, వాడే కదిలుంటాడు," అంది. పిన్నికి తెలుసు, వాడు కదల్లేదు. తనని నమ్మి నిద్రపోయాడు. ఆమె కత్తెర తుడిచి, సొరుగులో పెట్టి, సొరుగు మూసింది.

"ఏమైందత్తయ్యా?" అంది కోడలు.

"ఇంక నేను పట్టను."

"ఎన్నాళ్ళు?"

పిన్ని చీపురు అందుకుని, నేల మీద జుట్టు ఊడ్వడం మొదలుపెట్టింది. కిటికీ దగ్గర మేనత్త ఒక్క మాటా అనలేదు. అదే అన్నిటికంటే భయంగా తోచింది.

ఆస్పత్రిలో చేతుల డాక్టరు వయసులో చిన్నది. ముగ్గురు ఆడవాళ్ళు ఒకేసారి లోపలికి రావడం చూసి నవ్వింది. "చెయ్యి ఎవరిది?"

"ఈవిడది," అంది కోడలు.

"నేను దీన్ని పెంచినదాన్ని," అంది మేనత్త, అది కూడా రోగ లక్షణమే అన్నట్టు, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంటూ.

డాక్టరు పిన్ని చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టించింది. "బొటనవేలు ఒక్కటే వంచండి. మిగతావి కదలకూడదు."

పిన్ని ముఖం ఎర్రబడింది. ఇక్కడా అదే మాట. వంచింది. చూపుడు వేలు తలవంచింది.

"మళ్ళీ," అని, ఈసారి డాక్టరు ఆ చూపుడు వేలిని తన రెండు వేళ్ళతో నిటారుగా నొక్కి పట్టుకుంది. "ఇప్పుడు వంచండి."

పిన్ని పళ్ళు బిగించింది. "అమ్మా... అక్కడే. అదే నొప్పి."

డాక్టరు వేలు వదిలేసి, ఆ ముంజేతిని కాసేపు అలాగే తన అరచేతిలో ఉంచుకుంది. తరవాత ఒక కాగితం మీద రెండు గీతలు గీసింది. "బొటనవేలిని వంచే కండ ఒకటి. వేళ్ళని వంచే కండ ఇంకొకటి. రెండూ ఈ ముంజేతిలోనే ఉంటాయి. వాటి చివర తాళ్ళుంటాయి, మనం నరాలంటాం కదా, అవి. చాలామందిలో రెండు తాళ్ళూ పక్కపక్కనే నడుస్తాయి, ఒకదాన్నొకటి పట్టించుకోవు." రెండు గీతల మధ్య అడ్డంగా చిన్న గీత గీసింది. "కొందరిలో ఇలా ఓ పోగు ఉంటుంది. పుట్టుకతోనే. ఇది లాగితే అదీ వస్తుంది. ఇలాంటివాళ్ళు బోలెడుమంది ఉన్నారు. సగం మందికి చచ్చేదాకా తెలియను కూడా తెలియదు. మీరు ఈ పనిలో ఉన్నారు కాబట్టి తెలిసింది."

"అంటే..." మేనత్త ముందుకు వంగింది. "అది నిర్లక్ష్యం కాదా?"

"కాదండీ."

"నేర్పితే వచ్చేది కాదా?"

"ఎలా వస్తుంది బామ్మగారూ? కట్టేసి ఉంచినా రాదు. ఇంకా కట్టేస్తే ఆ పోగు రాసుకుని వాస్తుంది."

డాక్టరు మామూలుగానే అంది. ఆవిడకేం తెలుసు. పిన్నికీ మేనత్తకీ తెలుసు. పిన్ని అత్త వైపు చూడకుండా కాగితం వైపే చూసింది. అడ్డంగా ఉన్న ఆ చిన్న గీత ఎంత చిన్నదో.

కోడలు తన చెయ్యి చాచింది. "నాదీ చూడండి డాక్టరుగారూ. నాకూ తడుతుంది."

"వంచండి."

కోడలి బొటనవేలు ఒక్కటే వంగింది. చూపుడు వేలు హాయిగా, నిటారుగా ఉంది. పిన్ని ఆశ్చర్యపోయింది. "మరి కుర్చీ దగ్గర..."

"కుర్చీ దగ్గరంటే కావాలని తడతాను కదత్తయ్యా." కోడలు ఆమెకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది. "అది మన దుకాణం పద్ధతి కాదూ? మీరు తట్టినట్టు నాకు వచ్చేదే కాదు. కత్తిరించాలి, తట్టాలి, రెండూ ఒక్క తాళంలో పడాలి. నేర్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎన్ని దిండ్ల మీద సాధన చేశానో మీ అబ్బాయినడగండి. రోజూ పక్కన టకటకలాడుతుంటే కోప్పడేవాడు."

మొదట డాక్టరు నవ్వింది. తరవాత కోడలు. పిన్ని నవ్వబోయి, కొంగుతో నోరు మూసుకుంది. తను తప్పని దాచుకున్నదాన్ని ఒక పిల్ల ఇష్టపడి, కష్టపడి నేర్చుకుంది.

మేనత్త మాత్రం నవ్వలేదు. బొటనవేలితో తన చీర అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

ఆ పోగు తీసేస్తే నొప్పి పోతుందని, లేదంటే కత్తెర పని మానెయ్యాలని డాక్టరు చెప్పింది. పిన్ని కొన్నాళ్ళు తేల్చుకోలేకపోయింది. భయం కత్తికి కాదు. ఇన్నేళ్ళూ ఆ రెండు వేళ్ళూ కలిసి నేర్చుకున్న పని ఇది. ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీస్తే, చేతికి పని గుర్తుంటుందా? పని పోతే పిన్ని ఎవరు? ఆఖరికి చీపురు పట్టుకోవడం కంటే అదే నయమనుకుంది.

మత్తు చేతి వరకే ఇచ్చారు. మెలకువగానే ఉంది. మధ్యలో చిన్న తెర. తెర అవతల డాక్టరు మాటలు, ఉక్కు పనిముట్ల సన్నటి చప్పుళ్ళు. లాగుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు.

"చూస్తారా? భయం లేకపోతే," అంది డాక్టరు.

తెర కాస్త పక్కకి జరిపారు. పట్టకారు చివర, తడిసిన దారపు పోగంత, ముత్యం రంగులో ఏదో మెరుస్తోంది.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికా మా అత్త చేత అన్ని చీవాట్లు తిన్నాను!"

డాక్టరు నవ్వాపుకుని, తన పని తను చేసింది. తరవాత, "ఇప్పుడు బొటనవేలు వంచండి," అంది.

పిన్ని వంచింది. బొటనవేలు వంగింది. చూపుడు వేలు కదల్లేదు. అది తెల్లటి వెలుతురులో, ఎవరి కోసమో కాకుండా, తన పాటికి తను చాచుకుని ఉంది. పిన్ని మళ్ళీ వంచింది. మళ్ళీ. ఆ వేలు తనది కానట్టుంది, ఇప్పుడే తనదైనట్టూ ఉంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి దిగాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. చిన్నప్పట్నుంచీ దానికి చెప్పీ చెప్పీ..."

ఇంకోసారి వంచి చూసుకుంది.

కట్టు ఉన్నన్నాళ్ళూ తల రుద్దుకోవడం కుదరదు. కోడలు చేస్తానంది. మేనత్త అడ్డుపడింది. "నువ్వు కుర్చీ చూసుకో. దాని తల నాకు కొత్తా?"

దుకాణం మూసిన మధ్యాహ్నం వేళ, తొట్టి మీద పిన్ని తల వెనక్కి వాల్చింది. మేనత్త చేతికి అంచనా తగ్గింది, నీళ్ళు మెడలోకి కారాయి. వేళ్ళు వణుకుతున్నాయి. అయినా కుదుళ్ళ దాకా పోయి, నురుగును నిదానంగా పాముతున్నాయి.

"అప్పుడు నొప్పి పుట్టిందా?" అంది మేనత్త.

ఎప్పుడని పిన్ని అడగలేదు. "పుట్టింది."

"బాగానా?"

"బాగానే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

మేనత్త చేతులు ఆగాయి. నురుగు నుదుటి మీదికి జారుతోంది. ఆవిడ దాన్ని పిన్ని కంట్లో పడకుండా, చిటికెన వేలి అంచుతో, కనుబొమ మీంచి తుడిచేసింది. "కళ్ళు మూసుకో. మండుతుంది," అంది. పిన్ని మూసుకుంది. వేడినీళ్ళు జాగ్రత్తగా, చెంబు చెంబుగా, తలమీదుగా దిగాయి. ఏ చెంబు దగ్గర ఆవిడ ఏడ్చిందో, ఆ నీళ్ళలో తెలియలేదు.

కట్టు విప్పారు. మణికట్టు పైన సన్నటి గీత మిగిలింది. నొప్పి లేదు. మెత్తటి బంతి నొక్కమన్నారు, నొక్కింది. చెంచా పట్టింది, తాళం తిప్పింది, గుండీలు పెట్టుకుంది. కత్తెర తప్ప అన్నీ పట్టుకుంది.

కోడలు తన వంతు ప్రయత్నం చేసింది. "అత్తయ్యా, ఈ పాప ముంగురులు కాస్త చూడరూ?" అనేది. "నువ్వే కానియ్యి," అనేది పిన్ని, ఊడుస్తూ. ఎర్రటి చుక్క ఆమె కళ్ళ ముందునుంచి పోలేదు. ఒకరోజు కోడలు భయం భయంగా అడిగింది. "ఆ తట్టు నేను మానెయ్యనా? మీకు బాధగా ఉంటే..."

"ఎందుకూ? అది నీకు నువ్వుగా నేర్చుకున్నది. నాదైతే ఊరికే వచ్చింది. మానకు."

ఆ మాట కిటికీ దగ్గరికి వినపడింది. మేనత్త లేచి, గోడ పట్టుకుని, నడిచొచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంది. అద్దంలో తన ముఖం వైపు చూస్తూ, "జుట్టు పెరిగింది. కత్తిరించు," అంది.

"కోడలి చెయ్యి ఖాళీ అవనీ అత్తా."

"నిన్నే."

పిన్ని చీపురు గోడకి ఆనించింది. "చెవి దగ్గర భయమేస్తోందత్తా."

"నాకు రెండున్నాయి. ఒకటి పోతే నీ సణుగుడు సగమే వింటాను. గుడ్డ కప్పు."

సొరుగు తెరుచుకుంది. పిన్ని మేనత్త మెడ చుట్టూ గుడ్డ కప్పి, జుట్టు తడిపి, దువ్వింది. పల్చబడిన తెల్లజుట్టు తడికి వెండి తీగలయింది. బొటనవేలు కన్నంలోకి వెళ్ళింది. కత్తెర తెరుచుకుంది, మూసుకుంది. చూపుడు వేలు కత్తెర వెన్ను మీద పడుకునే ఉంది. ఎంత నిశ్శబ్దమో! ఎన్నో ఏళ్ళుగా పక్కన నడుస్తున్న మనిషి ఆగిపోతే, తన అడుగుల చప్పుడు తనకే కొత్తగా వినిపించినట్టుంది. చెయ్యి తడబడింది. ఎక్కడ ఆగాలో, ఎంత తియ్యాలో ఇదివరకు ఆ తట్టే చెప్పేదని ఇప్పుడు తెలిసింది. మళ్ళీ మొదలుపెట్టింది, చీపురు ముందు నిలబడిన పిల్లలాగా.

చెవి దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టింది. మేనత్త కదల్లేదు. కళ్ళు మూసుకుని, చెవి అప్పగించింది. కత్తెర ఆ ముడతల చెవి చుట్టూ, తమ్మె కిందుగా, నెమ్మదిగా దిగివచ్చింది. ఎర్ర చుక్క లేదు. పక్క కుర్చీలో కోడలి వేలు ఎవరి పాపనో తడుతూ నిద్రపుచ్చుతోంది.

"అయింది," అంది పిన్ని.

మేనత్త రెండు చేతులూ గుడ్డ కిందినుంచి తీసి, చెవుల పక్క జుట్టును అటూ ఇటూ వేళ్ళతో సాగదీసి, గడ్డం కింద రెండు కొసల్నీ కలిపి చూసుకుంది. ఏ తలనైనా ఆవిడ అలా కొలవకుండా గడప దాటనిచ్చేది కాదు.

"ఎడమ పక్క పొడుగుంది."

పిన్ని కత్తెర ఎత్తింది. మేనత్త ఆ చేతిని, సన్నటి గీత మీద, మెత్తగా పట్టుకుని దించింది.

"ఉండనీ. ఇవాళ్టికి చెయ్యి అలిసిపోయింది. రేపు సరిచేద్దువుగాని."

"అందాకా ఇలాగే తిరుగుతావా?"

"తిరుగుతాను. నా తల, నా ఇష్టం."

గుడ్డ దులిపించుకుని, ఆవిడ పైకి వెళ్ళలేదు. రొట్టెల దుకాణం దాకా వెళ్ళొస్తానని, అవసరం లేకపోయినా, వీధిలోకి నడిచింది. ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా ఉన్న తెల్లజుట్టు ఎండలో ఊగుతూ వెళ్ళింది. మూలమలుపు తిరిగేదాకా పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది. తరవాత లోపలికి తిరిగింది. బెంచీ మీద ఓ తల్లి, ఒళ్ళో బొటనవేలు చీకుతున్న పసివాడు, కోడలి కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు.

"రండమ్మా," అంది పిన్ని. "ఇటు రండి."